వాలీబాల్ మీద పెట్టిన మీసం

అబుదాబి దగ్గర రువైస్‌లో వాలీబాల్ లేక కాదు. కంపెనీ క్లబ్బులో నెట్ కట్టి ఉండేది, దీపాలు ఉండేవి, ఫిలిప్పీన్స్ వాళ్ళు రోజూ సాయంత్రం చూడముచ్చటగా ఆడేవారు. నేను అటు తల తిప్పి కూడా చూసేవాణ్ణి కాదు. ఇటు ఎడారి, అటు రిఫైనరీ, మధ్యలో నేను, నా ప్రాణమంతా మాత్రం గోదావరి జిల్లాలో మా కాలేజీ జట్టు ఆడే ఆట మీద. ఆ జట్టులో అప్పుడు ఆడుతున్న కుర్రాళ్ళ మొహాలు ఒక్కటీ నాకు తెలియవు. నేను కాలేజీ వదిలిపెట్టేనాటికి వాళ్ళంతా నిక్కర్లలో ఉండి ఉంటారు. అయినా వాళ్ళు ఓడితే నాకు అన్నం సహించేది కాదు. గెలిస్తే ఆఫీసులో అందరికీ చాయ్ ఇప్పించేవాణ్ణి. ఎందుకు ఇప్పిస్తున్నానో ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళకి అర్థమయ్యేది కాదు, చాయ్ మాత్రం తాగేవారు.

ఇది రెండు వేల నాలుగు నాటి మాట. నేను స్టోర్స్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. క్వార్టర్స్‌లో నా పక్కగది వాడిది మా ఊరే, కానీ అవతలి కాలేజీ. మా ఊళ్ళో ఉన్నవే రెండు కాలేజీలు, కాలవకి ఇవతల మాది, అవతల వాళ్ళది. మేమిద్దరం బావా అంటే బావా అనుకునేవాళ్ళం. ఒకే కుక్కర్‌లో అన్నం వండుకునేవాళ్ళం. నాకు జ్వరమొస్తే అతను మిరియాల చారు కాచిపెట్టేవాడు. వాలీబాల్ ప్రస్తావన వస్తే మాత్రం ఇద్దరం ఉప్పూ నిప్పూ.

"మీ కాలేజీలో నెట్ కట్టడం కూడా చేతకాదు బావా," అనేవాడు పప్పు కలుపుకుంటూ. "అది నెట్ కాదు, చేపల వల."

"అందుకేగా మీవాళ్ళందరూ దాంట్లో పడి కొట్టుకుంటారు," అనేవాణ్ణి నేను.

నాకు ఆట కబుర్లు అందించేది మా అక్క. ఆవిడ అత్తవారిల్లు మా కాలేజీ గ్రౌండు గోడకి ఆనుకునే ఉంటుంది. డాబా ఎక్కితే కోర్టు మొత్తం కనిపిస్తుంది. దేశంలో ఏ విలేకరికీ అంత మంచి చోటు దొరికి ఉండదు, దాన్ని అంత దుర్వినియోగం చేసిన విలేకరీ ఉండదు. మొదట్లో కార్డు గీకి నేనే ఫోన్ చేసేవాణ్ణి.

"సర్వీసు ఎవరు చేస్తున్నారక్కా?"

"ఆ తెల్ల బనీను వాడురా. పాపం ఎవరి పిల్లాడో, ఎముకలు లెక్కపెట్టొచ్చు. ఇంట్లో తిండి పెడతారో లేదో."

"పాయింటు ఎవరికొచ్చింది?"

"పాయింటు సంగతి నాకెందుకు? బంతొచ్చి నా బెండమొక్కల్లో పడింది. రెండు విరిగాయి. నేనివ్వను బంతి. మీ ప్రిన్సిపాల్‌నే వచ్చి అడగమను."

ఇలా లాభం లేదని మిస్డ్ కాల్ పద్ధతి పెట్టాను. మావాళ్ళు సెట్టు గెలిస్తే ఒక రింగు ఇచ్చి పెట్టేయాలి, ఓడితే రెండు. గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్ళ సంసారాలు అప్పట్లో సగం ఈ ఎత్తని ఫోన్ల మీదే నడిచేవి. బయల్దేరానంటే ఒక రింగు, చేరానంటే రెండు. అక్కకి ఇది బాగా కుదిరింది, ఎందుకంటే బెండకాయలు తరుగుతూ కూడా చేయొచ్చు.

ఆ ఏడాది కాలేజీల పోటీలో ఫైనల్‌కి మిగిలింది మాదీ, వాళ్ళదీ. ఆట మా గ్రౌండులోనే. ఆ కబురు వచ్చిన రోజు కుక్కర్ మూడో కూత వేసేసరికి మా ఇద్దరికీ మాటామాటా పెరిగింది. మీవాళ్ళు గెలిస్తే మీసం తీసేస్తానని అతనన్నాడు. నేను మాత్రం తగ్గుతానా, మీవాళ్ళు గెలిస్తే నేనూ తీసేస్తానన్నాను. చేతిలో చెయ్యి వేసుకున్నాం.

మా వైపు ఇది చిన్న మాట కాదు. తండ్రి పోయినప్పుడే కొడుకు మీసం తీస్తాడు. తండ్రి బతికుండగా దాని జోలికి పోవడం అరిష్టమని పాతకాలపు ఇళ్ళలో గట్టి నమ్మకం. అందుకే మా ఊళ్ళో పౌరుషం వచ్చిన ప్రతివాడూ "మీసం తీయించుకుంటా" అంటాడు గానీ, తీయించుకున్నవాడు ఒక్కడూ కనపడడు. మా నాన్నగారు నిక్షేపంలా ఉన్నారు, వాళ్ళ నాన్నగారూ అంతే. పందెం గురించి అక్కతో గొప్పగా చెప్పుకున్నాను.

"నీకు మతి పోయిందట్రా!" అంది అక్క. "నాన్న నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నారు. ఆయనుండగా మీసం తీస్తానంటావా? నోరు కడుక్కో ముందు!"

"మేం గెలుస్తాం కదే, తీసేది వాడు," అన్నాను.

"వాడికి మాత్రం తండ్రి లేడా?" అని ఫోన్ పెట్టేసింది.

ఫైనల్ రోజు నేను ఆఫీసులోనే ఉన్నాను. ఎదుటి బల్ల దగ్గర మా ముదీర్, అంటే మేనేజరు, సూడాన్ ఆయన, పెద్ద మనిషి. ఫోన్ ఒకసారి మోగి ఆగింది. కాసేపటికి మళ్ళీ ఒకే ఒక్క రింగు. మూడోసారి కూడా ఒకటి మోగి ఆగగానే నేను కుర్చీలోంచి లేచి గట్టిగా అరిచాను. వరసగా మూడు సెట్లు! ముదీర్ నాకు కొడుకు పుట్టాడనుకుని, "మబ్రూక్, మబ్రూక్" అంటూ కౌగిలించుకున్నాడు. నాకు అప్పటికి పెళ్ళే కాలేదు. అయినా ఆ సంతోషంలో ఆయన్ని కాదనడం బాగుండదని శుభాకాంక్షలు పుచ్చుకున్నాను.

సాయంత్రం కెఫెటేరియాలో జిలేబీలు కట్టించి, పక్క గ్రోసరీలో కొత్త రేజరు ఒకటి కొన్నాను. బావకి కానుక. తీరా గదికి వస్తే అతనూ జిలేబీల పొట్లంతో గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు. రెండో చేతిలో షేవింగ్ క్రీము ట్యూబు.

"నోరు తెరువు బావా," అని జిలేబీ నా నోట్లో కుక్కాడు. "మూడు సెట్లు! మా ఆవిడ ఇప్పుడే చెప్పింది."

"గెలిచింది మేమైతే నువ్వెందుకు పంచుతున్నావు?"

ఇద్దరం కాసేపు జిలేబీ నములుతూ ఒకరి మీసం ఒకరం చూసుకున్నాం. నేను అక్కకి ఫోన్ కలిపాను.

"అది కాదురా," అంది అక్క. "రెండు జట్లూ గెలిచాయి."

"రెండూ ఎలా గెలుస్తాయే?"

కాస్త ఆలోచించి, "డ్రా అయింది," అంది.

నేను పెట్టేయగానే అతను వాళ్ళావిడకి కలిపాడు. "డ్రా అయిందండీ," అంది ఆవిడ కూడా, అడక్కముందే. వాలీబాల్ పుట్టిన దగ్గర్నుంచి ఎక్కడా డ్రా అయిన ఆట లేదు. ఇద్దరాడవాళ్ళూ కూరగాయల మార్కెట్లో కలిసి, మీసాలు రెండూ కాపాడాలని ఒప్పందం చేసుకున్నారని మాకప్పుడు అర్థమైంది. ఎవరైనా ఒక్కరు ఆట గురించి ఒక్క ముక్క తెలుసుకుని ఉంటే మేం ఈ జన్మకి పట్టుకోలేకపోయేవాళ్ళం.

మళ్ళీ అక్కకి చేశాను. ఈసారి ఎత్తింది నాన్నగారు.

"ఓడిపోయార్రా మీవాళ్ళు," అన్నారు. "మూడు సెట్లూ. నేను స్వయంగా చూశాను."

వెనకనుంచి అక్క, "నాన్నా, చెప్పకండి!" అని అరుస్తోంది.

నేను ఓడినందుకన్నా ఆయన చూసినందుకు ఎక్కువ ఆశ్చర్యపోయాను. నేను కాలేజీ జట్టులో ఆడిన మూడేళ్ళలో ఆయన ఒక్క ఆటకీ రాలేదు. గెలిచామా ఓడామా అని కూడా అడగలేదు. మోకాళ్ళు చెక్కుకుపోయి ఇంటికొస్తే, "ఇవాళేమైనా చదివావా?" అనేవారంతే.

"పందెం వేశావట కదా. మరి తీసెయ్."

"మీరుండగా ఎలాగండీ?"

"మీసం తీస్తే మనుషులు పోతారంటే మన సెలూన్ వాడు ఈపాటికి ఊరంతా ఖాళీ చేసేవాడు. మాటన్నాక నిలబెట్టుకో," అని పెట్టేశారు.

అప్పుడు భయం పట్టుకున్నది బావకి. వద్దులే బావా, ఊరికే అన్నాను, ఆ పాపం నాకెందుకు అని సెలూన్ దాకా వెంటపడి బతిమాలాడు. గెలిచినవాడు బతిమాలుతుంటే ఓడినవాడికి ఎంత హాయిగా ఉంటుందో ఆరోజే తెలిసింది. మలయాళీ సెలూన్ వాడు కత్తెర పట్టుకుని, "పూరా, సాబ్?" అని రెండుసార్లు అడిగాడు. పూరా అన్నాను. అద్దంలో కనిపించిన మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు. పైపెదవి చల్లగా అనిపించింది.

మర్నాడు పొద్దున్న యార్డులో నన్ను మొదట చూసినవాడు మేస్త్రీ. జగిత్యాల వైపు మనిషి, మా అందరికన్నా పెద్ద. నా మొహం చూడగానే తలమీది హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. నా భుజం నొక్కి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి రువైస్‌లో ఉన్న తెలుగువాళ్ళందరికీ మా నాన్నగారు పోయారు.

ముదీర్ నా చేతులు పట్టుకుని, పని ఖలాస్, ఇంటికి వెళ్ళు, సెలవు, టిక్కెట్టు నేను చూసుకుంటాను అన్నాడు. కాదు, మా నాన్న బతికే ఉన్నారని చెబితే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దుఃఖంలో ఏదేదో అంటున్నాననుకున్నాడు. బావ నా చెవిలో, "టిక్కెట్టు తీసుకుని పోరా, మళ్ళీ రాదు," అన్నాడు. అబద్ధమెందుకు, ఒక్క క్షణం నా మనసు గోదావరి దాకా వెళ్ళి వచ్చింది.

సాయంత్రం నా గది నిండిపోయింది. మంచం మీద, కింద, గుమ్మంలో అందరూ చెప్పులు విప్పి మాట్లాడకుండా కూర్చున్నారు. అరటిపళ్ళు, బిస్కెట్ పొట్లాలు బల్లమీద పోగుపడ్డాయి. వాలీబాల్ పందెం గురించి మొదటినుంచీ చెప్పాను. మీసం గురించి చెప్పాను. అందరూ తలలూపుతూ విన్నారు.

"ఆయన నిక్షేపంగా ఉన్నారు," అన్నాను చివరికి.

"అందరికి గట్లనే అన్పిస్తది సారూ," అన్నాడు మేస్త్రీ మెల్లగా. "మా బాపు పోయిననాడు మావోళ్ళు నాకు చెప్పనే లేదు. దుబాయ్‌ల ఉన్నోడు, ఏం జేస్తడు, రాలేడు గదా అని దాచిపెట్టిన్రు. నేను ఫోన్ జేసినప్పుడల్లా బాపు పొలం కాడికి పోయిండనేటోళ్ళు. నేనట్లనే నమ్ముకుంట ఉన్న."

నిన్న నాతో మాట్లాడింది నిజంగా నాన్నగారేనని తెలుసు. అయినా భయమేసింది. ఫోన్ తీసి అక్క నంబరు కలిపి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టాను.

"ఏరా, తీశావా?" అన్నారు నాన్నగారు.

గోడకి ఆనుకున్నవాళ్ళంతా ముందుకు వంగారు. ఎవరో దేవుణ్ణి తలుచుకున్నారు.

"తీశానండి. ఇక్కడ అందరూ మీరు పోయారనుకుని పరామర్శకి వచ్చారు."

"అలాగా! మంచిగానే చెప్పుకుంటున్నారా నా గురించి?"

"ఇంకా మొదలుపెట్టలేదండి."

"ఏం తెచ్చారు?"

"అరటిపళ్ళు."

"తినెయ్యండి, ఎండకి మగ్గిపోతాయి."

ముందు బావ నవ్వాడు, తర్వాత గది మొత్తం పగలబడి నవ్వింది. మేస్త్రీ ఒక్కడూ నవ్వలేదు. చెయ్యి చాచి, "ఒక్కపాలి నాకియ్యి సారూ," అన్నాడు. ఇచ్చాను. రెండు చేతులా పట్టుకున్నాడు.

"బాపూ, మంచిగున్నవా?"

ఎవరని నాన్నగారు అడగలేదు. "బాగున్నాను బాబూ. నువ్వు అన్నం తిన్నావా?" అన్నారు.

"తిన్న బాపూ," అన్నాడు మేస్త్రీ.

వినేవాడు దొరికాడు కదా, నాన్నగారు ఇక ఆగలేదు. మా కాలేజీ ఎలా ఓడిందో మొదటి సర్వీసు నుంచి చెప్పడం మొదలుపెట్టారు. ఎవడు ఎక్కడ ఎగిరాడో, ఎవడు ఎగరాల్సినప్పుడు నిలబడిపోయాడో అంతా చెబుతున్నారు. వాలీబాల్ అంటే ఏమిటో తెలియని మేస్త్రీ, "ఆఁ బాపూ, ఆఁ బాపూ" అంటూ కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"అంత వివరంగా ఎట్ల కనబడ్డది బాపూ నీకు?" అని మాట కలపడానికి అడిగాడు.

"సైకిల్ స్టాండు పక్కనుంచి బాబూ. మావాడు ఆడే రోజుల నుంచీ నేను నిలబడేది అక్కడే. అక్కణ్ణుంచి అయితే వాడికి కనపడను. కనపడ్డానంటే భయంతో సర్వీసు నెట్‌కి కొడతాడు."