అల్లుడు గారికి అడ్డేముంది

స్టెల్లాకు అసహ్యం కలిగించేవి ఈ ఊళ్లో చాలానే ఉన్నాయి. పాన్ ఉమ్మిన లిఫ్టు మూలలు, పులిహోర తిన్న చేత్తోనే కీబోర్డు ముట్టుకునేవాళ్లు, గవర్నర్‌పేట సందులో బండి అడ్డంగా పెట్టి "ఒక్క నిమిషమండీ" అని మాయమైపోయేవాళ్లు. వీళ్లందరినీ ఎలాగో భరించేది. భరించలేనిది మాత్రం "మనవాళ్లేగా" అన్న ఒక్క మాట. ఆ మాట వినబడితే చాలు, ఎక్కడో ఏదో తలుపు తెరిచి పెట్టారని ఆమెకు అర్థమైపోయేది.

పుట్టింది గుణదలలో. తల్లి మార్త ఆసుపత్రిలో నర్సు. ఒకరి మందు ఇంకొకరికి వేస్తే ప్రాణం పోతుందనీ, మందుల బీరువా తాళం కన్నతల్లి అడిగినా ఇవ్వకూడదనీ పిల్లకు అన్నంతో పాటే నూరిపోసింది. ఆ పిల్ల ఎం.సి.ఎ. చదివి, రత్తయ్య గారి రక్తపరీక్షల సెంటర్లో సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో చేరింది. రత్తయ్య గారు చేపల చెరువుల మీద సంపాదించి ఈ వ్యాపారంలోకి దిగినాయన. చెడ్డవాడేం కాదు. ఎవరిని నెత్తిన పెట్టుకోవాలో, ఎవరి నోరు మూయించాలో ఆయనకు ఎవరూ నేర్పనక్కర్లేదు, అంతే.

సెంటర్ బ్రాంచి ఒకటి ఉయ్యూరులో ఉంది. అక్కడి మిషన్లు రక్తాన్ని పరీక్షిస్తాయి. ఆ ఫలితాలు అక్కడి సర్వర్ నుంచి గవర్నర్‌పేట సర్వర్‌కు వాటంతటవే వచ్చేస్తాయి. ఇక్కడ డాక్టరు చూసి సంతకం చేశాకే రిపోర్టు రోగి చేతికి వెళుతుంది. మధ్యలో మనిషి కూర్చుని పాస్‌వర్డు కొట్టే పని లేదు. ఉయ్యూరు సర్వర్ తన దగ్గరున్న కీ చూపిస్తుంది, ఆ కీకి జోడు తన దగ్గర ఉందని గుర్తుపట్టి ఇక్కడి సర్వర్ లోపలికి రానిస్తుంది. ఈ ఏర్పాటంతా స్టెల్లా చేతి మీద జరిగిందే.

ఆ సోమవారం పొద్దున్నే అది కాస్తా ఆగిపోయింది. ఉయ్యూరు సర్వర్ కీ చూపించింది, ఇక్కడి సర్వర్ కాదంది, పాస్‌వర్డు చెప్పమంది. చెప్పడానికి అక్కడెవరూ లేరు. ఉయ్యూరు నుంచి ఫోన్ వచ్చింది. "రిపోర్టులు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టేస్తాం మేడం, ఎవరిది ఏదో మీరే చూసుకోండి" అన్నారు. ఒకరి షుగరు ఇంకొకరి పేరున చేరితే ఎవరు జవాబు చెప్పాలి? "చేతులు కట్టుకుని కూర్చోండి, ఒక్క ఫొటో పంపినా ఊరుకోను" అని స్టెల్లా ఫోన్ పెట్టేసింది.

ఆమె కుర్చీలో కూర్చునే లోపలే దోషి దొరికిపోయింది. కీర్తన అని, ఈ మధ్యనే ఆమె కింద చేరిన అమ్మాయి. పాత కీ మార్చి కొత్త కీ పెట్టింది శనివారం ఆ అమ్మాయే. కారణమేమిటో ఎవరికీ తెలియకముందే రత్తయ్య గారు తీర్పు చెప్పేశారు. "సాయంత్రానికి ఆ పిల్లని పంపించెయ్యమ్మా. చేతగానోళ్లని పెట్టుకుంటే ఊళ్లో నవ్వులపాలైపోతాం." కీర్తన తండ్రి ఆటోనగర్‌లో లేతు మీద పని చేస్తూ మిషన్‌లో చెయ్యి నలగ్గొట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. ఇప్పుడు ఆ ఇంటికి ఆధారం ఈ ఉద్యోగమే. అత్త మీది కోపం దుత్త మీద చూపించడం ఈ ఆఫీసులో కొత్త కాదు కానీ, ఈసారి ఆ దుత్త పగిలితే ఒక ఇల్లే పస్తుంటుంది.

"ఏడుపు తర్వాత. ముందు కుర్చీ ఇటు లాక్కో" అంది స్టెల్లా.

రెండు చోట్లా కీలు పక్కపక్కన పెట్టి చూసింది. అక్షరం తేడా లేదు. కీర్తన పని కడిగిన ముత్యంలా ఉంది. ఉయ్యూరు వైపు నుంచి అడుగడుగూ తెరమీద కనబడేలా మళ్లీ లాగిన్ చేయించింది. కీ ఇచ్చినట్టు ఉంది, వద్దన్నట్టు ఉంది, ఎందుకు వద్దో మాత్రం లేదు.

"మళ్లీ కొత్త కీ చేసేదా మేడం?"

"ఏం అక్కర్లేదు. అడిగినోడు వాడి సంగతి చెప్పాడు. ఇప్పుడు కాదన్నోడినే అడగాలి."

ఇక్కడి సర్వర్ తన లోపల రాసుకునే లాగ్ తీసింది. అందులో ఒక్క వాక్యం ఉంది. రిపోర్టులు దిగే ఫోల్డర్‌లో ఎవరైనా ఏమైనా రాసుకునేలా అనుమతులు ఉన్నాయట, అందుకని అందులోనే దాచిన కీ జోడును నమ్మలేదట. నిజమే మరి. ఆ ఫోల్డర్‌లో ఎవడు పడితే వాడు చెయ్యి పెట్టగలిగితే, లోపలి కీ అసలుదో మార్చి పెట్టిందో ఎవరు చెప్పగలరు? ఈ ప్రోగ్రాం రాసినవాడెవడో గానీ మా అమ్మ లాంటివాడే అనుకుంది స్టెల్లా.

మరి బార్లా తెరిచిందెవరు? మాస్టర్ పాస్‌వర్డుతో కొట్టిన కమాండ్లు వరసగా చూసింది. ఆదివారం భోజనాల వేళ దాటాక, రత్తయ్య గారి గదిలోని కంప్యూటర్ నుంచి, ఉన్న ఫోల్డర్లన్నిటికీ అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేశారు. ఆ పాస్‌వర్డు స్టెల్లా దగ్గర ఉంది, ఆపదకు పనికొస్తుందని కవరులో పెట్టి రత్తయ్య గారి బీరువాలో ఉంది. ఇంకెవరికీ తెలియదు.

"నిన్న అల్లుడు గారొచ్చారంట మేడం" అంది కీర్తన నెమ్మదిగా. "వాచ్‌మన్ చెప్పాడు. బందరు నుంచి."

స్టెల్లాకు ఒళ్లు మండిపోయింది. అత్తారింట్లో అల్లుడికి కూర నచ్చకపోతే ఇంకో కూర వండుతారు. ఇక్కడ సర్వర్ "నీకు అనుమతి లేదు" అన్నందుకు మామగారు బీరువా తెరిచి సర్వర్‌నే అతని చేతికిచ్చారు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు అల్లుడు గారు కనబడినదల్లా తొక్కేశారు. ఆమె ఆ అనుమతులన్నీ మళ్లీ బిగించింది. ఉయ్యూరు రిపోర్టులు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి.

సంతోషించే ఓపిక కూడా లేక తిన్నగా రత్తయ్య గారి గదిలోకి వెళ్లింది. అల్లుడు సిద్ధార్థ సోఫాలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

"కీర్తన తప్పేం లేదండీ. నిన్న ఈ గదిలోంచి ఫోల్డర్లన్నీ తెరిచేశారు. అందుకే ఆగింది."

సిద్ధార్థ తలెత్తలేదు. "ఒక్క ఫైలు చూద్దామనుకున్నానండీ. పర్మిషన్ లేదంది. తెరిస్తే కూడా ఆగిపోద్దా? ఇదేం సిస్టమండీ బాబూ?"

"అల్లుడు గారికి అడ్డేముందమ్మా?" అన్నారు రత్తయ్య గారు నవ్వుతూ. "మనవాళ్లేగా."

"రోగుల రిపోర్టులండీ అవి. మనవాళ్లూ పరాయివాళ్లూ అని ఉండదు."

నవ్వు పోయింది. "ఆయన ముందు ఏంటమ్మా ఆ మాటలు? సర్లే, ఆ పిల్లని తియ్యన్లే. మీరిద్దరూ అల్లుడు గారికి ఒక్క సారీ చెప్పండి, అయిపోద్ది."

"దేనికండీ సారీ?"

"మీ సిస్టం పర్మిషన్ లేదందని నిన్నట్నించీ ఆయన మనసు కష్టపెట్టుకుని కూర్చున్నారు. కనబట్లా?"

"నేను చెప్పనండీ. కీర్తన చేత కూడా చెప్పించను" అని స్టెల్లా బయటికొచ్చేసింది. వాష్‌రూమ్‌కు వెళ్లి మొహం మీద నీళ్లు కొట్టుకుంది. ఎన్నిసార్లు కొట్టుకున్నా ఆ గది గాలి ఇంకా మొహానికి అంటుకునే ఉన్నట్టనిపించింది. రాజీనామా రాసి పారేద్దామనుకుంది. తను వెళ్లిపోతే ఆ పిల్లను మర్నాడే పంపించేస్తారని ఆగింది.

తిరిగి వచ్చేసరికి కీర్తన కుర్చీ ఖాళీగా ఉంది. కాసేపటికి రత్తయ్య గారి గది తలుపు తోసుకుని ఆ అమ్మాయి బయటికి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"అయిపోయింది మేడం! ఉద్యోగం ఉందన్నారు. ఇద్దరికీ."

"ఇద్దరికీ ఏంటే?"

"సార్ పిలిచి ఇద్దర్నీ సారీ చెప్పమన్నారు. మీరు రారని తెలుసు కదా మేడం. మీ తరఫున కూడా నేనే సారీ చెప్పేశాను. మీరే పంపించారని చెప్పా. అల్లుడు గారు ఏమీ అనుకోలేదు, ఇది మీకివ్వమన్నారు."

పేపరు ప్లేటులో బందరు లడ్డూ పెట్టి ఉంది. ప్లేటు విసిరి కొట్టాలనీ, ఆ గదిలోకి వెళ్లి నేను చెప్పలేదు అని అరవాలనీ అనిపించింది స్టెల్లాకు. అరిస్తే ఈ పిల్ల అబద్ధమాడిందని తేలుతుంది. మళ్లీ సాయంత్రానికి పంపించెయ్యమంటారు.

"తినండి మేడం" అంది కీర్తన. "చూస్తున్నారు."

రత్తయ్య గారి గది అద్దం అవతల నుంచి మామా అల్లుళ్లు ఇటే చూస్తున్నారు. స్టెల్లా లడ్డూ తీసుకుని కొరికింది. నమిలి మింగింది.