తుపాకీకి అక్షింతలు

ఆ రోజుల్లో నాకొక గట్టి సిద్ధాంతం ఉండేది: ఏ వస్తువు కొన్నా పెద్దదే కొనాలి. చిన్నప్పుడు మా నాన్న "ఎదిగే పిల్లగాడు" అంటూ రెండు సైజులు పెద్ద చొక్కాలు కొనేవాడు, ఆ జబ్బు నాకూ అంటుకుంది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఉద్యోగం దొరికి, ఊరి శివారు మాసన్ లేక్స్‌లో కాపురం పెట్టినప్పుడు, ఇద్దరం తినే ఇంట్లోకి పది లీటర్ల కుక్కర్ కొన్నవాణ్ణి. అలాంటివాడు తుపాకీ కొంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

తుపాకీ నీకెందుకురా అంటారేమో. మా ఆఫీసులో నా పక్క సీటు కుర్రాడికి ఉత్తరాన కొండల దగ్గర పెద్ద ఫారం ఉంది. అక్కడ వాళ్ల నాన్న ఉంటాడు. నిద్రలో కూడా టోపీ తియ్యడేమోనని ఆయనకి నేను టోపీ తాత అని పేరు పెట్టుకున్నాను. అడవి మేకలు మందలుగా వచ్చి గొర్రెల మేత మేసేస్తుంటే ఆయన పాత లీవర్ రైఫిల్‌తో వాటిని కొట్టేవాడు. ట్రిగ్గర్ కింద ఉన్న లీవర్‌ని అలా కిందికి దించి, ఇలా పైకి లాగితే, చటక్ ఫటక్ మని కొత్త తూటా ఎక్కేది. ఒకసారి అక్కడికి వెళ్లి విన్న ఆ చప్పుడుకి నేను పడిపోయాను. శిక్షణ, పరీక్ష, పోలీసుల అనుమతి, గోడకి బోల్టులు బిగించిన ఇనుప బీరువా, అన్నీ అయ్యేసరికి నెలలు పట్టింది (పెళ్లిచూపుల్లో కూడా నన్ను ఇన్ని ప్రశ్నలు అడగలేదు). చివరికి షాపుకి వెళ్లి లీవర్ రైఫిళ్లలో అన్నిటికన్నా లావు గొట్టం ఉన్నదాన్ని చూపించాను. "దేన్ని కొడతావు, మేట్?" అన్నాడు షాపాయన. మేకల్ని అన్నాను. "మేకకి ఇది బాగా ఎక్కువ. దీంతో దున్నపోతును పడగొట్టొచ్చు" అన్నాడు. ఆయన వద్దని చెబుతున్నాడని నాకు తట్టలేదు. "అయితే ఇదే ఇవ్వండి" అన్నాను.

దాని తూటా ఒక్కోటి చుట్ట ముక్కంత ఉండేది. షూటింగ్ రేంజ్‌లో మొదటి తూటా పేల్చినప్పుడు భుజం మీద గాడిద తన్నినట్టయింది. ఇంటికొచ్చి చొక్కా విప్పితే భుజం వంకాయ రంగులో ఉంది. అప్పుడు మా ఇంట్లో మా అత్తమ్మ ఉంది, కూతురి దగ్గర ఆరునెలలు ఉందామని వరంగల్ నుంచి వచ్చింది. పాపం, ఉప్పు మూట కట్టి కాపడం పెట్టింది. మా ఆవిడ మాత్రం గుమ్మంలో నిలబడి, "తుపాకి ముందటున్నోనికి దెబ్బ తాకాలె గని, ఎనకున్నోనికి తాకుడేంది?" అంది.

భుజం వారంలో తగ్గింది, నోరే తగ్గలేదు. ఒక ఆదివారం పార్కులో బార్బీ (ఇక్కడ బార్బెక్యూకి ముద్దుపేరు) పెట్టుకుని మా తెలుగువాళ్లందరం కలిసినప్పుడు, "ఈ దసరా దావత్ మా ఇంట్లనే. మటన్ కొనేది లేదు, నేనే కొట్టుకొస్తా" అని ప్రకటించేశాను. మా తెలంగాణ వాళ్లకి మటన్ లేనిది దసరానే కాదు. ఇరవై మంది చప్పట్లు కొట్టారు. కారెక్కగానే మా ఆవిడ, "అందరికి చెప్పినవ్. ఉత్త చేతులతోని ఇంటికొచ్చినవంటే చూడు, గా తుపాకి తెల్లారే అమ్ముడే" అంది. ఆవిడ అన్నదంటే అన్నట్టే.

ఇక్కడ దసరా ఏ వారం వచ్చినా మేం శని ఆదివారాలకే జరుపుకుంటాం. శనివారం వేట, ఆదివారం దావత్ అనుకున్నాం. పొద్దున్నే నేను బీరువా తీస్తుంటే అత్తమ్మ పళ్లెంతో వచ్చింది. "ఆయుధ పూజ నాడు కారుకు బొట్టు వెట్టి దీనికి పెట్టకుంటె ఎట్ల బిడ్డా? అసలు ఆయుధమే ఇది గద!" బల్ల మీద తువ్వాలు పరిచి రైఫిల్ పెట్టాను. లోపల తూటా లేదని అందరికీ కనబడాలని శిక్షణలో నేర్పినట్టే లీవర్ దించి నోరు తెరిచి ఉంచాను. అత్తమ్మ పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, నెయ్యి కలిపిన అక్షింతలు చారెడు తీసుకుని, "నూరేండ్లు సల్లగుండు" అంటూ నా మీద సగం, రైఫిల్ మీద సగం చల్లింది.

మధ్యాహ్నానికి టోపీ తాతతో కలిసి గుట్ట మీద రాళ్ల చాటున బోర్లా పడుకున్నాను. అదృష్టం చూడండి, ఎదురుగా మంద వచ్చి ఆగింది. ముందు ఒక పోతు మేక, మెలి తిరిగిన కొమ్ములు, పొట్ట దాకా గడ్డం. నా కళ్లకి అది మేకలా కాదు, ఇరవై విస్తళ్లలా కనిపించింది. తూటాలు నింపి లీవర్ దించి పైకి లాగాను. కర్ర్ మంది. సగంలో ఆగిపోయింది. బలంగా లాగాను. మళ్లీ కర్ర్. మేక తలెత్తి, చాలాసేపు నా వంక చూసి, గడ్డం ఒకసారి ఊపి, తీరిగ్గా మందని వెంటబెట్టుకుని గుట్ట దిగిపోయింది.

తాత రైఫిల్ అందుకుని తూటాలన్నీ తీసేసి, తలకిందులు చేసి తట్టాడు. ఒక బంతిపూరేకు రాలింది. తర్వాత పచ్చటి బియ్యం గింజలు ఒకటొకటిగా రాలాయి. "బియ్యమా?" అన్నాడు. మా అత్తగారు ఆయుధాన్ని దీవించిందని, నూరేళ్లు బతకమనడం దాని అర్థమని వివరించాను. ఆయన గింజల్ని చూశాడు, మేక వెళ్లిన దిక్కు చూశాడు. "ఇంతకీ ఎవరిని దీవించింది, మేట్? నిన్నా, దాన్నా?" అన్నాడు. తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. మొదటిసారి ఆయన టోపీ కింద పడింది. నాకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ. నా మొహం చూసి జాలిపడి, ఇంటికి తీసుకెళ్లి ఫ్రీజర్ తెరిచి, తన సొంత గొర్రె మాంసం సంచుల్లో నింపి ఇచ్చాడు.

వంటింట్లో ఆ సంచులు దించగానే అత్తమ్మ ఒకటి తీసి గట్టు మీద కొట్టి చూసింది. ఠంగుమంది. "గడ్డకట్టిన గొర్రెను యేటాడినవా బిడ్డా?" అంది. ఇక దాచేదేముంది, మొత్తం చెప్పేశాను. మా ఆవిడ నవ్వి నవ్వి నేల మీద కూలబడింది. మర్నాడు ఇరవై మందికీ ఆవిడే చెప్పింది, నా భుజాన్నీ వదల్లేదు. ఆ పది లీటర్ల కుక్కర్ మొదటిసారి నిండుగా ఉడికింది. తిన్నవాళ్లు వెళ్లేటప్పుడు మటన్ సంగతి ఎత్తనేలేదు, మేక గడ్డం ఎలా ఊపిందో ఇంకోసారి చేసి చూపించమన్నారు. తుపాకీ అమ్మే మాట మళ్లీ రాలేదు. "అమ్మితే గీ కథ ఎట్ల చెప్తం?" అంది మా ఆవిడ.

అది జరిగి చాలా ఏళ్లయింది. నాకు కాస్త గురి కుదిరింది, కాస్త సిగ్గూ వచ్చింది. ఇప్పుడు పూజకి రైఫిల్‌ని లీవర్ మూసే పెడతాను. టోపీ తాత గుట్ట మీద చాలా మేకల్నే కొట్టాను గానీ, పొట్ట దాకా గడ్డం ఉన్న పోతు కనబడితే మాత్రం రైఫిల్ దించేస్తాను. అది ఆ మేకే అయ్యే అవకాశం లేదని నాకూ తెలుసు. అయినా మా అత్తమ్మ దీవెన, కాదనడానికి నేనెవర్ని? ఇప్పటికీ దసరా నాడు వరంగల్ నుంచి ఫోన్ చేసి, నా గురించి, కూతురి గురించి అడగకముందే ఆవిడ అడిగేది ఒకటే. "ఆ మ్యాక మంచిగున్నదా బిడ్డా?"

"మంచిగనే ఉన్నది అత్తమ్మా" అంటాను.