పెద్దపిల్లకు ఊయల

మా పిల్ల సాయంత్రం ఊయల ఊగకపోతే ఆ రోజు ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. తలుపు దగ్గర నిలబడిపోతుంది. పిలిస్తే రాదు, కూర్చోమంటే కూర్చోదు. చీకటి పడేసరికి చేతులు కొరుక్కోవడం మొదలుపెడుతుంది. దానికి ఇరవై రెండేళ్ళు. నాకంటే పొడుగు, నాకంటే బరువు. బుద్ధి మాత్రం ఐదేళ్ళ దగ్గర ఆగిపోయిందని డాక్టర్లు చెప్పారు. ఆ మాటకు ఏడవడం ఎప్పుడో మానేశాను.

నాంపల్లిలో మా గల్లీ చివర ఒక పార్కు ఉండేది. పార్కు అంటే నవ్వుతారు, గడ్డిపోచ లేదు, అంతా మట్టే. నాలుగు వేపచెట్లు, కాలు విరిగిన బెంచీలు, ఒక ఇనుప ఊయల. ఎవరు పెట్టించారో గానీ వాళ్ళ కడుపు చల్లగుండ, లారీలకు కట్టేంత లావు గొలుసులు వేయించారు. అది మా పిల్లను ఇట్టే మోసేది. అబిడ్స్‌లో మాకు లేసులు, బొత్తాలు అమ్మే చిన్న దుకాణం ఉంది. సాయంత్రమయ్యేసరికి దాన్ని మా ఆయనకు వదిలేసి వచ్చి పిల్లను పార్కుకు తీసుకుపోయేదాన్ని. గల్లీలో పిల్లలంతా అక్కడే ఉండేవారు. ఇంత పెద్దది ఊయల ఎందుకు ఊగుతుందని వాళ్ళెప్పుడూ అడగలేదు. "అక్కా, దిగు, ఇప్పుడు నా బారీ!" అని చున్నీ పట్టుకుని గుంజేవారు. ఇది దిగేది. మళ్ళీ తన వంతు వచ్చేదాకా వాళ్ళ మధ్య బుద్ధిగా నిలబడేది. దీని వంతు రాగానే నలుగురూ కలిసి వెనకనుంచి తోసేవారు. అప్పుడది నవ్వే నవ్వు గల్లీ మలుపు దాకా వినబడేది.

అంతలో పార్కును బాగుచేస్తారన్న కబురు వచ్చింది. బాగుచేస్తారంటే ఎవరు వద్దంటారు? అందరికంటే ముందు సంతోషించింది నేనే. ప్లాను చూసి సలహాలు చెప్పమని గల్లీవాళ్ళందరినీ కమ్యూనిటీ హాలుకు పిలిచారు. ఒక నడివయసు ఇంజనీరు, ఆయన పక్కన లాప్‌టాప్‌తో ప్లాను గీసిన అమ్మాయి వచ్చారు. గోడమీద బొమ్మలు చూపించారు. పార్కు చుట్టూ నడక బాట, ఆ బాట వెనక గేటు దాటి ఫుట్‌పాత్ మీదుగా మొజంజాహీ మార్కెట్ వరకు పోతుందట. దారి పొడుగునా దీపాలు, రాతి బెంచీలు, చెట్లు. చూడ్డానికి ఎంత బాగుందో! రిటైరైన ఒక మాస్టారు యోగాకు అరుగు కావాలన్నారు. ఇంకొకాయన లేచి, పార్కు ఎందుకు, స్కూటర్లు పెట్టుకునే జాగా చేయమన్నాడు. ఆయన్ని అందరూ కలిసి కూర్చోబెట్టారు.

నేను మాత్రం బొమ్మంతా వెతుకుతున్నాను. పాత ఊయల ఎక్కడా కనబడలేదు.

"అది తీసేస్తున్నం మేడం, ట్రాకు గక్కడికెళ్ళే పోతది. కొత్త ఊయలలు వస్తున్నయి గదా, పన్నెండేళ్ళ లోపు పిల్లలకు" అన్నాడు ఇంజనీరు.

"మరి పెద్దోళ్ళకు?" అన్నాను.

హాలంతా నవ్వింది. "పెద్దోళ్ళకు ఓపెన్ జిమ్ పెడ్తున్నం మేడం." వెనకనుంచి ఎవడో, "అమ్మకు ఊగబుద్ధయితున్నట్టుంది" అన్నాడు.

నాకు ముక్కుమీద కోపమని మా ఆయన ఎప్పుడూ అంటాడు. ఆ రోజు తిట్టలేదు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు, అయినా చించుకున్నాను. నా బిడ్డ ఇటువంటిది, దానికి ఇదొక్కటే ఆట, ఇది లేకపోతే సాయంత్రం గడవదు అని అంతమంది ముందు నిలబడి చెప్పాను. నవ్విన వాళ్ళంతా తలలు దించుకున్నారు. పక్కనున్న ఆవిడ నా వీపు నిమురుతూ, "అయ్యో పాపం" అంది. ఆవిడ చేయి విదిలించుకోవాలనిపించింది. మూడిళ్ళ అవతల ఉంటుంది, మా పిల్ల ఊగుతుంటే ఇన్నేళ్ళూ చూసింది, ఎన్నడూ ఆ మాట అనలేదు. నేను నోరు తెరిచాకే మా పిల్ల పాపం అయిపోయింది.

మీటింగు అయ్యాక ప్లాను గీసిన అమ్మాయి నా దగ్గరకు వచ్చింది. "నేను పెడతాను ఆంటీ, పెద్దవాళ్ళు కూడా ఊగేది ఒకటి గీస్తాను" అంది. ఇంజనీరు, "చూద్దాం మేడం" అన్నాడు.

పార్కు చుట్టూ నీలం రేకులు కట్టారు. ఇక మా కష్టాలు చెప్పనలవి కాదు. పిల్ల రోజూ వెళ్ళి ఆ రేకుల్ని అరచేతులతో బాదేది. లోపల పనిచేసేవాళ్ళు ఏంది లొల్లి అని అరిచేవారు. ఇంట్లో దూలానికి ఊయల కడదామంటే కిరాయి ఇల్లు, యజమాని ఒప్పుకోలేదు. ఆటోలో వేరే పార్కుకు తీసుకుపోతే అక్కడి వాచ్‌మన్ విజిల్ ఊదాడు. మొజంజాహీ మార్కెట్‌లో సీతాఫలం ఐస్‌క్రీం తినిపించాను, చక్కగా తిని ఇంటికొచ్చి మళ్ళీ తలుపు దగ్గర నిలబడింది. దాని మణికట్లమీద పంటి గాట్లు మానేలోపే కొత్తవి పడేవి. దవాఖానకు తీసుకెళ్తే మందు పెంచారు. అప్పుడిక అది గొడవ చేయలేదు. సాయంత్రం పూట సోఫాలో మూలకు ఒరిగి నోరు తెరుచుకుని నిద్రపోయేది. మా ఆయన, "జర నిమ్మళమైంది గదా" అన్నాడు. ఆయన మీద ఎంత అరిచానో నాకే తెలియదు. పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు, ఆయనా ఆ పక్కనే కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు.

అడగందే అమ్మైనా పెట్టదు కదా, ఖైరతాబాద్‌లో ఇంజనీరు ఆఫీసు చుట్టూ తిరిగాను. ఆయన లేడంటే మెట్లమీద కూర్చునేదాన్ని. ఉన్నాడంటే గొంతు పెంచేదాన్ని. నన్ను చూడగానే అక్కడి ప్యూను, "వచ్చింది ఊయలమ్మ" అనేవాడు, నాకు వినబడేటట్టే. అననీ, నాకేం! చివరికి ఒకరోజు ఇంజనీరే ఫోన్ చేశాడు. "మంజూరైంది మేడం. మన ఫండుల గాకపోతె వేరే ఫండు తెచ్చినం. మీ అమ్మాయి కోసమే" అన్నాడు. దుకాణంలో గిరాకీకి వచ్చినవాళ్ళ ముందే ఏడ్చేశాను. ఆ మనిషి చల్లగుండాలని ఎన్ని మొక్కులు మొక్కుకున్నానో.

పార్కు తెరిచిన రోజు డప్పులు, పూలదండలు, రిబ్బను. మా పిల్లను ఊయలమీద కూర్చోబెట్టి పెద్దమనుషులంతా వెనక నిలబడి ఫోటోలు దిగారు. డప్పులకు భయపడి అది నా కొంగులో తల దాచుకుంది. ఆ హడావుడిలో నేనేమీ సరిగ్గా చూడలేదు.

మర్నాడు సాయంత్రం చూశాను. ఊయల నిజంగా బాగుంది. మెత్తటి సీటు, నడుముకు బెల్టు, గట్టి గొలుసులు. కానీ దాని చుట్టూ నా ఎత్తున ఆకుపచ్చ జాలీ, జాలీకి గేటు, గేటుకు తాళం. పైన నీలం బోర్డుమీద చక్రాల కుర్చీ బొమ్మ వేసి, 'దివ్యాంగులకు మాత్రమే' అని రాసి ఉంది.

"సర్టిఫికెట్ తెచ్చిన్రా అమ్మా?" అన్నాడు వాచ్‌మన్.

"నిన్న దీని ఫోటోలే గదా తీసిన్రు!"

"నాకు ఎర్కనే అమ్మా. చూసినంకనే తాళం తీయాలని సార్లు చెప్పిన్రు."

ఇంటికి పోయి తెచ్చి చూపించాను. తాళం తీశాడు. పిల్ల ఎక్కి కూర్చుంది, నేను వెనకనుంచి తోశాను. గల్లీ పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చి జాలీ పట్టుకుని నిలబడ్డారు. ఒక చిన్నది, పోయిన ఏడాది దాకా మా పిల్ల చున్నీ గుంజినదే, తెరిచిన గేటులోంచి లోపలికి దూరింది. వాచ్‌మన్ విజిల్ ఊదాడు. వాళ్ళమ్మ వచ్చి రెక్క పట్టుకుని అవతలికి ఈడ్చింది. "అది గసుంటోళ్ళది బిడ్డా, గాడికి పోవద్దు" అంది. ఆవిడ చెడ్డది కాదు. పండగొస్తే మా ఇంటికి సకినాలు పంపే మనిషి. బోర్డుమీద ఉన్నదే కూతురికి చెప్పింది.

నేను తోస్తూనే ఉన్నాను. మా పిల్ల నవ్వలేదు. కాసేపటికి కాళ్ళు నేలకు ఆనించి ఆపేసింది. చుట్టూ చూసి, "అమ్మా, అందరు ఏరీ?" అంది.

తెల్లారి మళ్ళీ ఆఫీసుకు పోయాను.

"ఇంకేంది మేడం, అడిగింది ఇచ్చినం గదా" అన్నాడు ఇంజనీరు.

"జాలీ తీసేయండి సారూ. ఆ బోర్డు తీసేయండి. ఎప్పటిలెక్క పిల్లలందర్నీ ఊగనీయండి."

ఆయన కసురుకోలేదు. కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. ప్లాను గీసిన అమ్మాయి కూడా అక్కడే ఉంది. "నేను గీసినదాంట్లో జాలీ లేదు ఆంటీ" అంది, నా వైపు చూడకుండా.

"మేడం, ఇది దివ్యాంగుల ఫండు. జాలీ, బోర్డు లేకపోతె ఆడిట్‌ల ఊకోరు. అందరు ఊగవట్టిన్రు అంటే ఊయలనే పీకేయమంటరు. జర సమజ్ చేసుకోండి" అన్నాడు ఇంజనీరు. ఫైలు మూసి, "మీరే చెప్పండి. వద్దంటె రేపే తీపిచ్చేస్త" అన్నాడు. వెటకారానికి కాదు, నిజంగానే అడిగాడు.

జాలీ అవతల నిలబడ్డ పిల్లల మొహాలు కళ్ళలో మెదిలాయి. వాటి వెనకే మా పిల్ల మణికట్లు, సోఫాలో మందు మత్తులో తెరిచి ఉన్న దాని నోరు.

"ఉండనీయండి సారూ" అన్నాను.

ఆయన మొహం విప్పారింది. చాయ్ తాగి పొమ్మన్నాడు. వద్దని లేచాను. మా గల్లీ పిల్లలకు మా పిల్ల గసుంటిదని నేర్పే బోర్డు అది. మెట్లమీద కూర్చుని కొట్లాడి తెచ్చుకున్నదీ నేనే, ఉంచమని చెప్పి వచ్చిందీ నేనే.