చెల్లెకు నడక రాకముందు

తెలంగాణ ఉద్యమంలో చదువు పోయిందని నా ఈడువాళ్లు చాలామంది చెబుతారు. వాళ్లది నిజమే కావచ్చు. నేనూ అలాగే చెప్పుకుంటే మాత్రం పచ్చి అబద్ధం. అరవై తొమ్మిదిలో మా సిరిసిల్ల బడి మూతపడింది నిజం, మళ్లీ తెరిచిందీ నిజం. తెరిచిన సంగతి నాకొక్కడికే ఎవరూ చెప్పలేదు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మా అమ్మను అవ్వా అని, నాన్నను బాపూ అని పిలిచేవాణ్ని. అవ్వ కోరుట్లలో పుట్టింట్లో కాన్పయి, జగిత్యాలలో బస్సులు ఆపేశారని రెండు రోజులు ఆలస్యంగా ఇల్లు చేరింది. ఒళ్లో పసిపిల్లను చూపించి నా చేతిలో పుట్నాల పొట్లం పెట్టింది.

“నీ చెల్లె తెచ్చిందిరా నీకు.”

పిడికిలి విప్పడం రాని పిల్ల పొట్లమెలా తెచ్చింది? పుట్నాలు తిన్నాను గానీ ఆ మాట నమ్మలేదు. ఏదో పని అంటగట్టబోతున్నారనుకున్నాను. అంతే అయింది. బాపు మగ్గం ఆగకూడదంటే అవ్వ రాట్నం మీద నూలు కండెలు చుడుతూనే ఉండాలి. బడి ఎట్లాగూ బందే గదా అని చెల్లెను నా చంకకెక్కించారు.

నెలలు గడిచాయి. ఒక పొద్దున మా వాడకట్టు పిల్లలు పలకలు పట్టుకుని పోతూ కనిపించారు.

“అవ్వా, గాళ్లంత ఏడికి పోతుండ్రే?”

“జులూస్‌కు.”

“జులూస్‌కు పలకెందుకే?”

“జై తెలంగాణ అని రాస్తరు గావచ్చు. నువ్వు పిల్లను సూడు.”

ఆ ఊరేగింపు మాట రాట్నం మీంచి తలెత్తకుండా చెప్పింది. ముఖం చూపించకుండా చెప్పిన మాటను నేను ఇప్పటికీ నమ్మను. చెల్లెను ఎత్తుకుని వాళ్ల వెనకే నడిచాను. బడి నిండుగా ఉంది. సారు హాజరు పుస్తకం తిరగేశాడు.

“మీ బాపు అచ్చి పేరు తీపిచ్చిండు గదరా. నీకు చెప్పలేదా?”

నా ముఖం చూసి జాలేసిందేమో, “వరండాల కూసో. పిల్ల ఏడ్సిందంటే మాత్రం లేసి పోవాలె” అన్నాడు.

ఆ రోజు నుంచి కిటికీ కింద నా చదువు. ఇంట్లో మాత్రం పిల్లను ఆడిస్తున్నానని చెప్పాను. బెల్లం ముక్క గుడ్డలో కట్టి నోటికిచ్చేవాణ్ని. ఒళ్లో ఊపుతూ ఎక్కాలు గొణిగితే నా పెదాల వంకే చూసేది. భాగహారం నేను నేర్చింది అలాగే.

ఒకరోజు అవ్వ దాని పెదాలు తడిమింది. “దీని నోట్లె సుద్ద ఏడిదిరా?”

“జులూస్‌ల దొరికింది.”

అవ్వ కొంగుతో దాని మూతి తుడిచింది. మర్నాడు పిల్లను అందిస్తూ, “కడుపు నిండ తాగింది. పొద్దెక్కినదాంక ఏడ్వది” అంది. బడికి పో అనలేదు. నా పేరు మళ్లీ రాయించమని బాపుతోనూ అనలేదు. దాన్ని ప్రేమ అనమంటారా? నేననను.

తర్వాత చెల్లె గోడ పట్టుకుని లేవడం మొదలుపెట్టింది. ఎవరి కంటా పడకముందే నేను మళ్లీ కూర్చోబెట్టేవాణ్ని. నడక వస్తే కిటికీ కింద కూర్చుంటుందా? లేచిన ప్రతిసారీ నా బడి మూయడానికే లేస్తోందనిపించేది.

“ఏడాది దాటింది, ఇంక నిలవడ్తలేదేందిరా పిల్ల?” అంది పక్కింటి పెద్దమ్మ.

ఆ మాటతో అవ్వకు దిగులు పట్టుకుంది. దాని కాళ్లకు నూనె రాస్తూ ఏడ్చింది. నాతో అబద్ధమాడిన మనిషి ఏడిస్తే నాకేం అనుకున్నాను. కానీ ఆ కాళ్లలో ఏ లోపమూ లేదని తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

ఆ సాయంత్రం చెల్లెను నిలబెట్టి రెండు వేళ్లందించాను. కాసేపు నడిపించి వేళ్లు లాగేసుకున్నాను. నాలుగడుగులు వేసి మగ్గం గుంజను వాటేసుకుంది. అవ్వ రాట్నం వదిలి పరుగెత్తుకొచ్చింది.

నాలుగో రోజే బడి గడప దాటి, తిన్నగా పోయి సారు ధోతి పట్టుకుంది. పిల్లలంతా నవ్వారు. సారూ నవ్వాడు. నవ్వు ఆగాక, “రేపటి సంది తోలుకరాకు” అన్నాడు. అది లేకుండా నేను ఇల్లు కదలలేనని ఆయనకు తెలుసు.

ఎత్తుకోబోతే చెల్లె నా చేయి విదిలించుకుంది. ఇంటిదాకా నాకు ముందు అదే నడిచింది.