దువ్వెనకు ఏడవని పిల్ల

కిసుము పట్నంలోని కిబూయె మార్కెట్‌లో జడలల్లే అలూచ్ ఎక్కడుంటుందని అడిగితే, ఎండుచేపలమ్మేవాళ్లు కూడా చెయ్యెత్తి చూపిస్తారు. పెళ్లికూతుళ్లయినా పంతులమ్మలయినా ఆమె ముందు పొట్టి పీట మీద తల వంచుకుని కూర్చోవలసిందే. వేళ్లు జడలో ఉన్నంతసేపూ ఆమె నోరు ఊరంతా తిరిగొస్తుంది. ఎవరి మొగుడు ఎవరితో నవ్వాడో ముందుగా తెలిసేది ఆ పీట దగ్గరే. అలాంటి మనిషి ఒక ఏడాదంతా నోరు విప్పకుండా పనిచేసింది.

ఆమె కూతురు అకెయోకు ఏడాదిన్నర వయసులో మూర్ఛ మొదలైంది. అంతకుముందు ఆ పిల్ల ఎంత గడుగ్గాయంటే, దువ్వెన కంటబడితే చాలు, మార్కెట్ దద్దరిల్లిపోయేది. అప్పటికి దానికి వచ్చిన మాటలు రెండే, ‘అమ్మా’, ‘వద్దు’. రెండూ దువ్వెన ముందే ఎక్కువగా వాడేది.

ఊళ్లోని పెద్ద డాక్టరు పిల్ల తలకు వైర్లు పెట్టి మెదడు పరీక్ష చేయించాడు. కాగితం మీద గీతలు చూసి పెదవి విరిచాడు. “మెదడంతా చెదిరిపోయిందమ్మా. ఇక మాటలొస్తాయని ఆశ పెట్టుకోకు” అని ఒక మందు రాసిచ్చాడు. మూర్ఛ ఆగకపోతే మోతాదు పెంచాడు. మళ్లీ పెంచాడు. మూర్ఛలు తగ్గాయి గానీ పిల్ల కూడా వాటితోపాటే తగ్గిపోయింది. రెండు మాటలూ పోయాయి. కూర్చోబెట్టిన చోట కూర్చుని సగం కళ్లతో చూసేది.

“ఎంత బుద్ధిమంతురాలైందో! నా మనవరాలుంది, జుట్టు ముట్టుకుంటే కరుస్తుంది” అని పక్క పీట దగ్గర జడలల్లే నెరేయా మెచ్చుకునేది. జనం పిల్లను మెచ్చుకున్న కొద్దీ అలూచ్‌కు ఒళ్లు మండేది. పాపం, వాళ్లకేం తెలుసు.

ఒకరోజు అకెయో తల దువ్వుతుంటే చిక్కులో దువ్వెన ఇరుక్కుంది. అలూచ్ చెయ్యి విసురుగా లాగింది. కుదుళ్ల దగ్గర చిన్న రక్తపు చుక్క. పిల్ల ఏడవలేదు. కనీసం తల కూడా తిప్పలేదు. అలూచ్ దువ్వెన ఒళ్లో పడేసుకుని, “ఇంకో డాక్టరుకు చూపిస్తాను” అంది పైకే.

ఇంటికెళ్లి చెబితే అత్తగారు అగ్గిమీద గుగ్గిలమైంది.

“ఏమే, ఆయన చదువు నీకు ఆనలేదా? సంగతి తెలిసి ఆయన మొహం మాడ్చుకుంటే, రేపు పిల్లకు ఫిట్స్ వచ్చినప్పుడు ఎవరి గుమ్మం తొక్కుతావ్?”

“నువ్వు చేప కొనాలంటే నాలుగు బుట్టలు తిరుగుతావు కదత్తా! నా కూతురి బుర్రకి ఇంకో బుట్ట చూడకూడదా?”

అత్తగారు గొణుక్కుంటూనే దారికి ఉడికించిన చిలగడదుంపలు మూటగట్టింది.

బస్సెక్కి చేరిన ఎల్డొరెట్ పట్నపు ఆసుపత్రిలో పిల్లల నరాల డాక్టరమ్మ బక్కపలచగా ఉంది. పాత కాగితం వెలుతురుకి పట్టి చాలాసేపు చూసింది.

“ఇది తీసినరోజు పాప జుట్టెలా ఉంది?”

అలూచ్ కాస్త గర్వంగానే చెప్పింది. “ముందురోజే అల్లానండీ. నూనె దట్టంగా పట్టించి, పూసలు గుచ్చి. పెద్ద డాక్టరు దగ్గరికి చింపిరి జుట్టుతో తీసుకెళ్తానా?”

“ఈ గీతల్లో సగం నీ నూనెవేనమ్మా. వైరు నెత్తి చర్మానికి అంటుకోవాలి. జడల మీద, జిడ్డు మీద పెడితే జారిపోతుంది. ఇది చూసి మెదడు సంగతి నేనైతే చెప్పలేను.”

అలూచ్ తన వేళ్ల వంక చూసుకుంది. “అంటే నా చేతుల్తో నేనే...”

“జడలు విప్పి తీసుకురమ్మని చెప్పాల్సింది వాళ్లు. ఇవాళ కూడా అల్లే తీసుకొచ్చావుగా, ముందు విప్పు. మళ్లీ తీద్దాం.”

వరండాలో బల్ల మీద కూర్చుని అలూచ్ జడలు విప్పింది. ఎన్ని తలలు అల్లిందో లెక్కలేదు గానీ, ఆ రోజు విప్పినంత కసిగా ఏ తలా విప్పలేదు. సబ్బుతో రెండుసార్లు కడిగింది. లోపల పరీక్ష చేసే కళ్లద్దాలాయన టేపుతో పిల్ల తల కొలిచి, ఒత్తుజుట్టులో చోటు వెతుక్కోలేక సతమతమవుతున్నాడు.

“జరుగు తమ్ముడూ, పాయ తియ్యడం నీకు రాదు. ఎక్కడ కావాలో వేలు పెట్టి చూపించు” అందామె. దువ్వెన తోకతో గీసిన ప్రతి పాయలోనూ చర్మం శుభ్రంగా బయటపడింది. వైర్లు కుదురుగా అంటుకున్నాయి.

“అక్కా, రేపట్నించి ఇక్కడికే వచ్చెయ్” అన్నాడతను.

“వస్తే నీ కుర్చీకే ఎసరు” అంది అలూచ్. ఏడాది తర్వాత ఆమె వేసిన మొదటి జోకు అదే.

సాయంత్రం డాక్టరమ్మ కొత్త కాగితం ముందు పెట్టింది. “మెదడంతా కాదు. ఎడమపక్క ఒక్కచోట మొదలవుతోంది. మందేమో పాపని మగతలో ముంచేస్తోంది. దాన్ని కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వేరేది మొదలెడదాం. ఒక్కసారిగా మాత్రం ఆపెయ్యొద్దు, ప్రమాదం.”

“మాట్లాడుతుందా డాక్టరమ్మా?”

“మాటివ్వలేను తల్లీ. మాట్లాడదని చెప్పడానికి మాత్రం నాకు ఒక్క కారణం కూడా కనబడలేదు.”

ఆ ఒక్క ముక్కనే బస్సులో కిసుము దాకా నెమరేసుకుంది అలూచ్.

అత్తగారు భయపడ్డట్టు పెద్ద డాక్టరు విరుచుకుపడలేదు. డాక్టరమ్మ ఉత్తరం చదివి కళ్లద్దాలు తీశాడు. “ఆశ పెట్టుకోవద్దని నేననాల్సింది కాదమ్మా” అన్నాడు. వారం తిరక్కముందే, జడలు విప్పి తల కడుక్కుని రావాలని పరీక్షగది తలుపు మీద కాగితం అంటించారు.

మూర్ఛ పూర్తిగా పోలేదు, నెలకొకసారి వస్తూనే ఉంది. కానీ పిల్ల కళ్లు పూర్తిగా తెరుచుకున్నాయి. గంజి గిన్నె లాక్కుంది, కోడిని తరిమింది. మాట మాత్రం రాలేదు. అలూచ్ ప్రతి ఉదయం ఆ నోటి వంకే చూసేది.

మూడో నెలలో ఒకరోజు మార్కెట్‌లో కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని దువ్వెన తీసింది. అకెయో దాన్ని చూసింది. మొహం ముడుచుకుంది. రెండు చేతులతో తల పట్టుకుని వెనక్కి విరుచుకుంది.

“వద్దు! అమ్మా, వద్దు!”

“అమ్మో, రాక్షసి మళ్లీ తయారైందే!” అని నెరేయా పీట మీంచి లేచి నిలబడిపోయింది. అలూచ్ పిల్లను గుండెకు హత్తుకుని భోరున ఏడ్చింది, మధ్యలో నవ్వింది. సగం అల్లిన తలతో కూర్చున్న నెరేయా బేరం ఎంత పిలిచినా ఎవరూ వినిపించుకోలేదు.

ఆ రోజు అకెయో చింపిరి జుట్టుతోనే మార్కెట్ అంతా తిరిగింది. జడల అలూచ్ కూతురికి ఆ తలేమిటని అడిగినవాళ్లందరికీ అలూచ్ ఒకటే చెప్పింది.

“ఏం చెయ్యను? నా కూతురు వద్దంది.”