పడుకోబెట్టిన కడ్డీలు

ఆకివీడులో టీవీ యాంటెన్నాలు కట్టే కృపానందం గారు డాబా ఎక్కగానే చెవిని పైపుకి ఆనించి గాలి ఊపు వింటారు, నాడి చూసినట్టు. ఓసారి వరదలొచ్చినప్పుడు ఆయన పడవ మీద కొల్లేటి లంకకి వెళ్లారు. అక్కడ క్యాథరిన్ ఇంటి మీదున్న, టవరు నుంచి సిగ్నలందుకునే వైర్‌లెస్ ఫోను యాంటెన్నా గాలికి పడిపోయింది. ఆవిడ భర్తకి ఏలూరు ఆసుపత్రిలో ఆపరేషను జరుగుతోంది. ఇరవయ్యేళ్ల అలవాటుకొద్దీ కృపానందం గారు డాబా ఎక్కి కడ్డీల్ని టీవీకి లాగే పడుకోబెట్టి బిగించారు. ఎటు తిప్పినా ఫోను మూగగానే ఉంది.

"వచ్చిందాండీ?" కింద నుంచి క్యాథరిన్ అడిగింది.

"ఉండమ్మా, టవరు అటే ఉంది కదా, మరేంటి దీని రోగం?" అంటూ విసుగ్గా యాంటెన్నాని ఒరిగించారు. కడ్డీలు నిలువుగా లేవగానే "వచ్చిందండీ!" అని కేక. ఈ సిగ్నలు నిలబడి వస్తుందన్నమాట, అనుకున్నారు. పైపుకి పట్టే క్లాంపు అలా బిగియదు, చేత్తోనే పట్టుకున్నారు. కింద క్యాథరిన్ ఫోనులో ఆసుపత్రి వాళ్లని "ఎన్నింటికి పోయారండీ?" అని అడిగింది. ఆ తర్వాత ఏడుపే. చెయ్యి తీస్తే లైను తెగిపోతుందని ఆయన వానలో అలాగే నిలబడ్డారు.