అక్క ‘కుబ్బ’, చెల్లి ‘తుబ్బ’

కరోనా తర్వాత బడులు మళ్లీ తెరిచిన ఏడాది నన్ను రాజమండ్రి నుంచి రామచంద్రపురంలో పిల్లల్ని పరీక్షించే క్యాంపుకి వారానికి రెండు రోజులు డెప్యుటేషన్ మీద వేశారు. నేను స్పీచ్ థెరపిస్టుని. మాటలు రాని పిల్లలకు బొమ్మలు చూపించి, పేర్లు చెప్పించి, మార్కులు వేయడం నా పని. బుద్ధిమాంద్యం ఉందో లేదో తేల్చేది నా పైనున్న సైకాలజిస్టే గాని, ఆయన ముందుగా చూసేది నా మార్కులే.

మూడో వారంలో ఒక కొబ్బరి వర్తకుడి కవల కూతుళ్లు వచ్చారు. పెద్దది లాస్య, చిన్నది లిఖిత. ఐదేళ్లు నిండినా తెలుగు ముక్క రాదనీ, ప్రత్యేక బడిలో వేయమనీ బడివాళ్లు చీటీ రాశారు. వినికిడి బాగానే ఉంది. ఇరవై బొమ్మలకీ ఇద్దరూ నోరు విప్పలేదు. సున్నా వేశాను.

సంతకం పెట్టబోతుంటే వరండాలో మాటలు వినిపించాయి. బెంచీ మీద టిఫిను డబ్బా పెట్టుకుని ఆ పిల్లలే గడగడా మాట్లాడుకుంటున్నారు. ఒకరు అడుగుతున్నట్టుంది, మరొకరు కాదంటున్నట్టుంది. నాకు ఒక్క మాటా అర్థం కాలేదు.

“అవి మాటలేంటండి మేడమ్, ఉత్త పిచ్చిగోల” అంది నాయనమ్మ. తల్లి సుజాత తల దించుకుంది. అత్తగారు మంచినీళ్లకి వెళ్లాక సుజాతని అడిగాను.

“నాకు అర్థమవుద్దండి. నేనూ మాట్లాడతాను. లాక్‌డౌన్‌లో మేడ మీద వాళ్లకి వాళ్లే తోడండి, అప్పుడు మొదలైంది. పిల్లల్ని నేనే పాడుచేశానంటారని చెప్పలేదండి.”

సంతకం ఆపేశాను. తర్వాతి మూడు వారాలు సుజాతని పక్కన కూర్చోబెట్టుకుని రాసుకున్నాను. అన్నం అక్కకి ‘కుబ్బ’, చెల్లికి ‘తుబ్బ’. నీళ్లు ‘మాకి’, ‘మాతి’. అక్క ‘క’ అన్న చోటల్లా చెల్లి ‘త’ అంటుంది. మన పాలు కన్నడంలో హాలు అయినట్టు, ఇలాంటి క్రమం ఉంటేనే రెండు భాషలు ఒక కుటుంబానివని భాషాశాస్త్రవేత్తలు లెక్కలోకి తీసుకుంటారు; ఉత్త పిచ్చిగోలకి ఇలాంటి క్రమం ఉండదు. ‘మాకిము’ అంటే నీళ్లు లేవు, ‘మాకిపో’ అంటే వద్దు. వినేవాళ్లని కలుపుకుంటే ‘నాబ’, కలుపుకోకపోతే ‘నాటి’. మనం, మేము అనే ఈ తేడా తెలుగుది. అంటే పిల్లలు ఇంట్లో తెలుగు విని, అర్థం చేసుకుంటూనే ఉన్నారు.

ఈసారి సుజాత వాళ్ల మాటల్లోనే అడిగితే ఇద్దరూ దాదాపు అన్ని బొమ్మలకీ పేర్లు చెప్పారు. సైకాలజిస్టు ఒప్పుకోలేదు.

“కల్పించుకున్న మాటలకి మార్కులేంటండి? ఫారంలో ఎక్కడ రాస్తారు?”

నేను రాసుకున్న మాటల పట్టిక ఆయన ముందు పెట్టాను. కాసేపు చదివి, లిఖిత వైపు తిరిగి, చేతిలోని సీసా చూపిస్తూ “మాకి?” అన్నారు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపి, “మాతి” అని దిద్దింది. ఆయన నవ్వలేదు. ఫారంలో నేను వేసిన సున్నాలు కొట్టేసి, మామూలు బడిలోనే చేర్చుకోవాలనీ, మొదటి మూడు నెలలు తల్లిని క్లాసులో కూర్చోనివ్వాలనీ రాశారు. హెడ్‌మిస్ట్రెస్ అయిష్టంగానే ఒప్పుకుంది.

ఏడాది తిరిగేసరికి ఇద్దరికీ తెలుగు వచ్చేసింది, సొంత భాష పోయింది. “నాతో కూడా ఆ మాటలు మాట్లాడట్లేదండి” అంది సుజాత. ఆమెకది పూర్తిగా సంతోషం కాదని గమనించాను.

పిల్లలు జవాబు చెప్పకపోతే, నా ప్రశ్న వాళ్లకి అందే భాషలో ఉందో లేదో ముందుగా చూసుకోవాలని అక్కడ నేర్చుకున్నాను. అప్పట్నుంచి బొమ్మలు తీసే ముందు తల్లిని విడిగా కూర్చోబెట్టి, బిడ్డ ఎవరితో, ఏ మాటల్లో మాట్లాడుతుందో అడుగుతున్నాను.